మా ఏడెకరాలకు సోలార్ లీజు.. సంతకం పెట్టాలా, వద్దా?

2024 జూన్ మూడో ఆదివారం. ఫాదర్స్ డే. ఇన్‌స్టాలో నాయనతో దిగిన ఫొటో పెట్టి, లైకులు చూసుకుంటూ కూర్చున్నా. అప్పుడే ఆయన నుంచి వాట్సాప్‌లో వరసగా 11 ఫొటోలు వచ్చాయి. తెరిచి చూస్తే అన్నీ కాగితాలే. ఇంగ్లిష్‌లో టైప్ చేసిన లీజు అగ్రిమెంటు. నాలుగో పేజీ మీద టీ గ్లాసు మరక. చివర్లో ఒక వాయిస్ మెసేజ్.

"రేయ్, ఇది కొంచెం చదివి చెప్పు. సోలారోళ్లు ఇచ్చి పోయినారు. శుక్రవారం లోపల సంతకాలు పెట్టాలంట. ఊర్లో చానామంది పెట్టేసినారు."

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. బీటెక్ చదివా కాబట్టి కరెంటు, కాగితం, కంప్యూటర్.. మూడూ నాకు తెలుసని నాయన నమ్మకం. నిజానికి ఏ యాప్ పెట్టుకున్నా షరతులు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేసే రకం నేను. ఈసారి మాత్రం నొక్కాల్సింది 25 ఏళ్లకు. అదీ మా తాత ఇచ్చిపోయిన నేల మీద.

మా ఊరు అనంతపురం వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. పేరు రాయడం లేదు. ఎందుకంటే మాటలు ఇంకా నడుస్తున్నాయి. మాకు మొత్తం ఏడెకరాలు. అందులో ఐదు పట్టా. మిగతా రెండు తాతకు ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా. బోర్లు వేసి వేసి అప్పులపాలై నాయన సేద్యం వదిలేసి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ భూమిని పక్కింటి మామ కౌలుకు చేస్తాడు. చెనిక్కాయ వేస్తాడు. వాన పడితే ఎకరాకు 5 వేలు ఇస్తాడు, పడకపోతే మేమూ అడగం.

కంపెనీ ఏజెంటు చెప్పిన రేటు ఎకరాకు ఏడాదికి 25 వేలు. రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఏడెకరాలకు ఏటా లక్షా 75 వేలు. వాన రాకపోయినా వస్తుంది. నాయన గొంతులో ఆశ నాకు స్పష్టంగా వినబడింది. "కొత్త గవర్నమెంటు వచ్చింది, ఇంక అన్నీ స్పీడుగా అయితాయంట" అన్నాడు.

శుక్రవారం కాదు, నెల రోజులు ఆగమని చెప్పా. ఆ నెల రోజుల్లో నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం. మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు ఇలాంటి కాగితం పట్టుకుని తిరుగుతూ ఉంటే, ఫార్వర్డ్ చేయడానికి పనికొస్తుంది.

మా ఎండ మీద అందరికీ ప్రేమ ఎందుకు?

చిన్నప్పటి నుంచి మమ్మల్ని తిట్టిపోసిన ఎండే ఇప్పుడు ఆస్తి అయింది. రాయలసీమలో ఎండ ఎక్కువ, మబ్బు రోజులు తక్కువ, మెట్ట భూమి చవక. ఒక మెగావాట్ సోలార్ ప్లాంటుకు సుమారు 4 నుంచి 6 ఎకరాలు కావాలి. అంటే 300 మెగావాట్ల ప్లాంటు అంటే ఒక ఊరి పొలమంతా అన్నమాట.

ఇది కొత్తేమీ కాదు. కర్నూలు సోలార్ పార్కు గుర్తుందా? ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో శకునాల, గని ఊళ్ల దగ్గర 5,900 ఎకరాలకు పైగా స్థలంలో 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే అతిపెద్దది అదే. తర్వాత కర్ణాటకలోని పావగడ (2,050 మెగావాట్లు), రాజస్థాన్‌లోని భడ్లా (2,245 మెగావాట్లు) దాన్ని దాటేశాయి. మా పక్కనే ఎన్పీ కుంటలో ఇంకో పెద్ద పార్కు ఉంది. అక్కడ 2016లోనే కరెంటు మొదలైంది.

కర్నూలులో ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి. కాబట్టి ఒకేసారి దొరికింది. ఎన్పీ కుంటలో అసైన్డ్ భూములూ కలిశాయి. అక్కడ పరిహారం కోసం రైతులు రోడ్డెక్కారు. ఏళ్ల తరబడి దున్నుకుంటున్నా చేతిలో సరైన కాగితం లేనివాళ్ల పరిస్థితి అందరికంటే అన్యాయం. భూమి ఉంది, రికార్డులో పేరు లేదు.

పావగడ వెళ్లి చూసొచ్చా

మా ఊరి నుంచి బైక్ మీద గంట ప్రయాణం. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోదే అయినా మూడు వైపులా ఆంధ్రానే. హోటల్లో టీ అడిగినా, దారి అడిగినా తెలుగులోనే జవాబు. తిరుమణి దాటగానే మొదలవుతాయి ప్యానెళ్లు. ఎటు చూసినా నల్లటి నీలం. చెరువేమో అనుకుంటాం, దగ్గరికెళ్తే అద్దాలు.

అయిదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాలు. దాదాపు 2,300 మంది రైతులు. ఇక్కడ భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. రేటు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మా ఏజెంటు చెప్పిన ఫార్ములా ఎక్కడిదో అప్పుడర్థమైంది. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ రైతుతో ఒప్పందం చేసుకున్నది కర్ణాటక ప్రభుత్వానికీ కేంద్ర సంస్థకూ వాటా ఉన్న సోలార్ పార్కు కంపెనీ. మా కాగితంలో ఉన్నది నిరుడు రిజిస్టరైన ఓ ప్రైవేట్ లిమిటెడ్. పెద్ద కంపెనీలు ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో చిన్న కంపెనీ పెడతాయి. దాన్ని స్పెషల్ పర్పస్ వెహికల్ అంటారు. అది మునిగితే తల్లి కంపెనీకి మన బాకీతో సంబంధం ఉండకపోవచ్చు.

టీ కొట్టు దగ్గర ఇద్దరు దొరికారు. ఒకాయన ఎనిమిదెకరాలు ఇచ్చిన రైతు. డబ్బులు టైముకే పడుతున్నాయి, కూతురి పెళ్లి చేశానన్నాడు. రెండో ఆయనకు భూమి లేదు. "నా గొర్రెలు ఎవరి అకౌంట్లో మేయాలప్పా?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయా. కంచె పడితే మేత పోతుంది, కూలి పోతుంది. ప్లాంటు కట్టేటప్పుడు పని బాగానే ఉంటుంది. కట్టాక గడ్డి కోయడం, ప్యానెళ్లు తుడవడం, కాపలా. ఊరందరికీ సరిపడే పని కాదది.

ఇంటికొచ్చి ఎక్సెల్ తెరిచా. 25 వేలు, రెండేళ్లకు 5 శాతం పెంపుతో 21వ ఏట 40,700 అవుతుంది. బాగుందనిపిస్తుంది. కానీ ధరలు ఏటా 5 శాతం పెరిగితే, ఇప్పటి 25 వేల విలువ నిలబెట్టుకోవాలంటే అప్పటికి 66,300 కావాలి. అంటే కాగితం మీద పెరుగుతున్నట్టు కనిపిస్తూ, చేతిలో తరుగుతూ పోయే డబ్బది. నాయనకు ఇలా చెప్పా: "ఇప్పుడు నాలుగు మూటల బియ్యం కొనే డబ్బుతో, అప్పుడు రెండున్నర మూటలు కూడా రావు."

మన దగ్గర ఊరికి ఓటు ఉందా?

మా పిన్ని కొడుకు అమెరికాలో ఓహైయో రాష్ట్రంలో ఉంటాడు. వీడియో కాల్‌లో ఈ గోల చెబితే, వాడు ఆఫీసుకెళ్లే దారిలో ఇళ్ల ముందు సోలార్ ప్లాంటు వద్దంటూ బోర్డులు కనిపిస్తాయన్నాడు. అక్కడ 2021లో 'సెనేట్ బిల్ 52' అని ఒక చట్టం వచ్చింది. 50 మెగావాట్లు, అంతకు మించిన సోలార్ ప్లాంట్లను తమ ప్రాంతంలో నిషేధించే అధికారం కౌంటీ కమిషనర్లకు ఇచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. ఇరవైకి పైగా కౌంటీలు ఆ అధికారం వాడేశాయి. మొక్కజొన్న, సోయా పండే నేలలో అద్దాలు ఏంటన్నది వాళ్ల వాదన. పక్కనే ఉన్న మిషిగన్ సరిగ్గా తిరగేసింది. 2023 చివర్లో చట్టం చేసి, స్థానిక సంస్థలు అడ్డుపడితే కంపెనీలు నేరుగా రాష్ట్ర కమిషన్‌కు వెళ్లే దారి తెరిచింది.

ఏది కరెక్టు అన్నది పక్కనపెట్టండి. అక్కడ గొడవ ప్లాంటు కట్టకముందే, అందరి ముందూ జరుగుతుంది. మరి ఇక్కడ?

మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద సోలార్ పీవీ ప్లాంట్లకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఆ అనుమతి లేదంటే, దాంట్లో భాగమైన ప్రజాభిప్రాయ సేకరణా లేదు. కాలుష్య నియంత్రణ బోర్డు లెక్కలో ఇది 'వైట్' కేటగిరీ, అంటే దాదాపు కాలుష్యం లేనిది. పొగ రాదు కాబట్టి అది న్యాయమే. కానీ 2013 భూసేకరణ చట్టంలో ఉన్న సామాజిక ప్రభావ అంచనా కూడా ప్రభుత్వం భూమి సేకరిస్తేనే. లీజు అయితే ఇద్దరి మధ్య ప్రైవేటు ఒప్పందమే. ఊరు ఊరంతా కూర్చుని 'ఇది మనకు కావాలా? ఎక్కడ కావాలి? బాట ఎటు వదలాలి?' అని అడిగే రోజు ఒక్కటీ రాదు.

అందుకని మన దగ్గర గొడవ తర్వాత మొదలవుతుంది. సర్వే రాళ్లు పీకేయడం, జేసీబీ ముందు పడుకోవడం, కోర్టు స్టే. కంపెనీవాళ్లు దీన్నే 'లోకల్ రిస్క్' అని ఎక్సెల్‌లో ఒక గడిలో రాసుకుంటారు. ఊరివాళ్లకు అది గడి కాదు, బతుకు.

అమెరికాలో జోనింగ్ చేసే పని మన దగ్గర భూ మార్పిడి, సీలింగ్, అసైన్డ్ చట్టాలు చేస్తాయి. 1973 సీలింగ్ చట్టం ప్రకారం ఒక కుటుంబం దగ్గర మెట్ట భూమి తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు దాటకూడదు. వెయ్యి ఎకరాలు కావాల్సిన కంపెనీకి అది వ్యవసాయ భూమిగా ఉన్నంతకాలం ఇబ్బందే. అందుకే వ్యవసాయేతర భూమిగా మార్చుకోవాలి. దీనికోసమే ఉమ్మడి రాష్ట్రంలో 2006లో నాలా చట్టం తెచ్చారు. తెలంగాణ 2015 సోలార్ పాలసీలో ఈ మార్పిడి జరిగినట్టే భావించాలని సడలింపు ఇచ్చింది. పైగా అక్కడ ఒకేచోట పెద్ద పార్కు కాకుండా, సబ్‌స్టేషన్ల వారీగా జిల్లాల్లో చిన్న చిన్న ప్లాంట్లు పెట్టించారు. ఒక్కో ఊరికి పదుల ఎకరాల బరువే పడింది. గొడవలూ చెదిరిపోయాయి.

భూమి మారిపోతే రైతుకు ఏమవుతుందో ఏజెంటు చెప్పడు. పంట రుణానికి ఆ సర్వే నంబరు పనికిరాదు. సాగుభూమి ఆధారంగా వచ్చే పథకాలు ప్రశ్నార్థకం అవుతాయి. సోలార్ లీజు డబ్బు వ్యవసాయ ఆదాయం కిందికి రాదు కాబట్టి ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. మళ్లీ పొలంగా మార్చుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

తాత ఇచ్చిన రెండెకరాలు

అగ్రిమెంటు ఆఖరి పేజీలో సర్వే నంబర్ల పట్టిక ఉంది. అందులో ఏడెకరాలూ వేసేశారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మీభూమి సైట్‌లో అడంగల్, 1-బీ చూశా. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా చూశా. దాన్నే 22-ఏ జాబితా అంటారు. తాత రెండెకరాలు అందులో ఉన్నాయి.

1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని అమ్మకూడదు. లీజుకూ ఇవ్వకూడదు. ఇస్తే చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 2023లో అప్పటి ప్రభుత్వం చట్టం సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు ఇచ్చే దారి తెరిచింది. 2024లో ప్రభుత్వం మారాక, ఇందులో అక్రమాలు జరిగాయంటూ అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. ఒకరు తలుపు తీశారు, ఇంకొకరు వేశారు. మా రెండెకరాలు గడప మీద నిలబడిపోయాయి.

నాయన ఏజెంటుకు ఫోన్ చేసి అడిగితే, "అది మేం చూసుకుంటాం పెద్దాయనా, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నాడట. చెల్లని లీజు మీద సంతకం పెట్టేది మేం. భూమి పోతే పోయేదీ మాదే. వాళ్లు చూసుకునేది ఏముంది?

పెద్ద రాజకీయం: 2019లో ఏం జరిగింది?

ఇదంతా ఊరి లెవెల్ రిస్కు. దీనిపైన ఇంకోటుంది. కంపెనీ కరెంటును డిస్కమ్‌కు అమ్ముతుంది. దానికి 25 ఏళ్ల ఒప్పందం ఉంటుంది. అదే పీపీఏ. బ్యాంకు అప్పు ఇచ్చేది దాన్ని చూసే.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. పాత పీపీఏల్లో యూనిట్ ధర ఎక్కువగా ఉందని, డిస్కమ్‌లు నష్టపోతున్నాయని కొత్త ప్రభుత్వం జులై 1న జీవో 63 ఇచ్చింది. ధరలు తగ్గించేందుకు ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. కేంద్ర మంత్రి లేఖలు రాశారు. జపాన్ రాయబారి కూడా ముఖ్యమంత్రికి లేఖ రాశారు. సుమారు 5,200 మెగావాట్ల సోలార్, పవన ప్రాజెక్టులు, వాటిపై ఉన్న 21,000 కోట్ల అప్పు చిక్కుల్లో పడతాయని రేటింగ్ సంస్థ క్రిసిల్ హెచ్చరించింది.

2019 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. కానీ ధరల సంగతి విద్యుత్ నియంత్రణ మండలి తేల్చాలని, అప్పటిదాకా సోలార్‌కు యూనిట్‌కు 2.44, పవన విద్యుత్‌కు 2.43 రూపాయలు ఇవ్వమన్నారు. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తీర్పు వచ్చింది. పీపీఏలో రాసుకున్న ధరే చెల్లించాలి, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలి.

కంపెనీలు గెలిచాయి. కానీ పట్టిన కాలం రెండున్నరేళ్లు. ప్రభుత్వం వాదనలో అసలు పసే లేదా అంటే, ఉంది. సోలార్ ధరలు ఆ ఏళ్లలో సగానికి పైగా పడిపోయాయి. పాత రేటు భారం చివరికి పడేది కరెంటు బిల్లు కట్టే మన మీదే. కానీ రాసుకున్న ఒప్పందాన్ని ప్రభుత్వం మారినప్పుడల్లా తిరగరాస్తామంటే ఎవరూ పెట్టుబడి పెట్టరు. పెట్టినా ఆ భయానికి కూడా వడ్డీ కలిపే రేటు వేస్తారు.

ఇది మా నాయనకు ఎందుకంటారా? కంపెనీకి డిస్కమ్ డబ్బు ఆగితే, కంపెనీ మొదట కట్టేది బ్యాంకు కిస్తీ. రైతు లీజు వరసలో ఎక్కడుందో అగ్రిమెంటులో వెతికా. ఎక్కడా లేదు. లీజు ఆలస్యమైతే వడ్డీ ఇస్తామన్న మాటా లేదు. కానీ లీజు హక్కును బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవచ్చన్న క్లాజు మాత్రం రెండు చోట్ల ఉంది.

2024 అక్టోబరులో రాష్ట్రంలో కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ వచ్చింది. లక్షల కోట్ల పెట్టుబడుల మాట వినిపిస్తోంది. సంతోషమే. కానీ మా లీజు 25 ఏళ్లది. అంటే ఐదు ఎన్నికలు.

రిస్కు ఎటునుంచి వస్తుందో చెప్పలేం కూడా. రాజస్థాన్, గుజరాత్‌లలో అంతరించిపోతున్న బట్టమేక పిట్ట తీగలకు తగిలి చనిపోతోందని, 2021లో సుప్రీంకోర్టు విద్యుత్ లైన్లను భూమిలో వేయమంది. ప్రాజెక్టులు ఆగిపోయాయి. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది కూడా ఆ పిట్ట కోసమే.

చిన్న రాజకీయం: పక్క చేను వాళ్ల కోపం

నేను తక్కువ అంచనా వేసింది దీన్నే. సోలార్ ప్లాంటుకు భూమి ఒకే ముక్కగా కావాలి. మధ్యలో ఒకరు ఇవ్వకపోతే చుట్టూ కంచె తిప్పాలి, కేబుల్ తిప్పాలి, బాట వదలాలి. మా ఐదెకరాలు సరిగ్గా మధ్యలో ఉన్నాయి.

"మీ కొడుకు బెంగళూరులో లక్షలు సంపాదిస్తాడు, మీకేం? మా నోటికాడ కూడు తీస్తున్నారు" అని ఒకాయన రచ్చకట్ట దగ్గర నాయనను పట్టుకుని అరిచాడు. ఆయనకు కూతురి కాలేజీ ఫీజు బాకీ ఉంది. ఆయన కోపం తప్పని నేననలేను.

ఊళ్లో మట్టి పని ఎవరికి, కంకర ట్రాక్టర్లు ఎవరివి, సెక్యూరిటీ కాంట్రాక్టు ఎవరికి అన్నది అప్పటికే మాట్లాడేసుకున్నారు. పని దక్కని వర్గం లోపల్లోపల 'రైతులకు అన్యాయం' అనడం మొదలుపెట్టింది. పని దక్కితే అదే నోరు 'అభివృద్ధి' అనేది. ఈ రెండు మాటల మధ్య, నిజంగా లీజు కాగితం చదవాలన్నవాడు ఇద్దరికీ శత్రువే.

ఇంకో విషయం. ప్లాంటుకు భూమి ఇవ్వకపోయినా హైటెన్షన్ లైను మన చేను మీదుగా పోవచ్చు. టవర్లకు భూమి సేకరించాల్సిన పని లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు విద్యుత్ చట్టం ద్వారా వాడుకుంటారు. పరిహారం మాత్రం అడగొచ్చు. 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ కొత్త మార్గదర్శకాలిచ్చింది. టవర్ పడే స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగ కింది కారిడార్‌కు 30 శాతం. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. అయినా అడగడానికి ఒక అంకె ఉండటం మంచిదే.

మామ సంగతి

ఇన్ని లెక్కలు వేసిన నేను, ఒక మనిషిని లెక్కలోనే వేయలేదు. మా పొలం కౌలుకు చేసే మామను.

జులైలో ఊరెళ్లినప్పుడు చేనులో కనబడ్డాడు. విత్తనం వేసి వారమైంది. "ఇదే ఆఖరి పంటనా అల్లుడా?" అని అడిగాడు. కోపం లేదు, ఏడుపు లేదు. వాన ఎప్పుడొస్తుంది అని అడిగినట్టే అడిగాడు.

లీజు డబ్బు యజమానికొస్తుంది. కౌలు రైతుకు ఏమీ రాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఉంటే కనీసం ఫలానా చేను నేను చేస్తున్నానని చూపించుకోవచ్చు. మామకు ఆ కార్డూ లేదు. దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టంది ఎవరో కాదు, మేమే. 'రేపు హక్కు అడుగుతారేమో' అని భయపడి నాయన వాయిదా వేస్తూ వచ్చాడు. కంపెనీ కాగితంలో అన్యాయం వెతకడానికి నెల రోజులు పట్టింది నాకు. మా ఇంట్లోది ఆరేళ్లుగా కళ్ల ముందే ఉంది.

ఆ రాత్రి నాయనతో ఇదే అన్నా. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "ఆ కార్డుది ఫారం తీస్కరా" అన్నాడు.

సంతకానికి ముందు ఇవి అడగండి

చివరికి ఊళ్లో ఇంకా సంతకం పెట్టని తొమ్మిది కుటుంబాలం కలిశాం. తెలిసిన లాయర్‌తో కూర్చుని కాగితం తెలుగులో రాయించాం. మేం అడిగినవి ఇవీ:

1. భూమి ఏ రకం? పట్టా, అసైన్డ్, చుక్కల భూమి.. ఏదో తేలాకే మాట. 22-ఏ జాబితాలో ఉంటే లీజులో కలపొద్దు.

2. అవతల సంతకం పెట్టేది ఎవరు? చిన్న కంపెనీ అయితే తల్లి కంపెనీ గ్యారంటీ ఇవ్వాలి. లేదా కనీసం రెండేళ్ల లీజు డబ్బు డిపాజిట్ చేయాలి.

3. లీజు ఎప్పటి నుంచి? 'ప్లాంటు మొదలైన రోజు నుంచి' అని రాస్తే కుదరదు. భూమి చేతులు మారిన రోజు నుంచే డబ్బు మొదలవ్వాలి.

4. పెంపు ఎంత? రెండేళ్లకు 5 శాతం చాలదు. కనీసం పదేళ్లకోసారి కొత్తగా రేటు మాట్లాడుకునే అవకాశం ఉండాలి.

5. ఆలస్యమైతే వడ్డీ ఎంత? ఎన్ని నెలలు ఆగితే లీజు రద్దు చేయొచ్చు?

6. తాకట్టు దేనికి? బ్యాంకుకు పెట్టేది లీజు హక్కు మాత్రమే, భూమి కాదని స్పష్టంగా ఉండాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడిగితే ఇవ్వొద్దు.

7. పాతికేళ్ల తర్వాత ప్యానెళ్లు, దిమ్మెలు ఎవరు తీస్తారు? 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్యానెళ్లను చేర్చారు. కానీ మన చేనులో పాతిన ఇనుప స్తంభాలు పీకి నేల చదును చేసే ఖర్చు అగ్రిమెంటులో రాస్తేనే వాళ్లది.

8. భూమి మార్పిడి ఫీజు, పన్ను ఎవరు కడతారు?

9. బండ్ల బాట, గొర్రెల బాట, వాగు దారి మ్యాపులో గీసి ఇవ్వాలి.

10. కౌలు రైతుకు ఏమిస్తారు? పనిలో మొదటి అవకాశం భూమి పోయిన కౌలుదారులకు, కూలీలకు ఇవ్వాలి.

11. రిజిస్ట్రేషన్. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే. స్టాంపు పేపర్ మీద సంతకాలతో సరిపెడదామంటే లేచి వచ్చేయండి.

ఈ జాబితా పంపాక ఏజెంటు మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. అయిపోయింది, కంపెనీ పారిపోయింది అనుకున్నాం. రచ్చకట్ట దగ్గర మా మీద తిట్లు రెట్టింపయ్యాయి. నాలుగో వారం అతను కాదు, కంపెనీ ల్యాండ్ మేనేజర్ వచ్చాడు. పదకొండులో ఆరు ఒప్పుకున్నాడు. బాటలు, రిజిస్ట్రేషన్, ఆలస్యానికి వడ్డీ, మార్పిడి ఖర్చు, స్తంభాల తొలగింపు, అసైన్డ్ భూమి మినహాయింపు. ముందే సంతకం పెట్టినవాళ్లకు కూడా ఇవే వర్తిస్తాయని అన్నాడు. అన్నాడు కానీ ఇంకా రాసివ్వలేదు. గ్యారంటీ, పెంపు రేటు, కౌలు రైతుల సంగతి మీద మాటలు నడుస్తున్నాయి.

వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు: "ఇవి మొదటే మాట్లాడుకుని ఉంటే మాకూ ఆరు నెలలు కలిసొచ్చేవి." కోర్టులు, స్టేలు, జేసీబీల ముందు ధర్నాలు.. ఇవన్నీ కంపెనీకీ నష్టమే. ఊరిని ముందే కూర్చోబెట్టి అడిగే చట్టం ఉంటే ఇద్దరికీ మంచిది. ఆ చట్టం వచ్చేదాకా, కాగితం చదివే పిల్లలే ఊరికి దిక్కు.

నేను సోలార్‌కు వ్యతిరేకం కాదు. ఈ వ్యాసం టైప్ చేస్తున్న ల్యాప్‌టాప్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నాయన కూడా వ్యతిరేకం కాదు. "ఎండను అమ్ముకోవడానికేం రా, నేలను కాదు కదా" అంటాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మామ చెనిక్కాయలు పంపాడు. ఒక గంప. ఆ పంట ఆఖరిదా కాదా ఇంకా తేలలేదు. కౌలు కార్డు ఫారం మీద మాత్రం నాయన సంతకం పడింది.